కంట్లో చుక్కలు, సోఫాలో నేను

"తోడుగా ఎవరైనా వచ్చారా?" అని కంటి ఆసుపత్రిలో నర్సు అడిగితే "నేనేమైనా చిన్నపిల్లాణ్నా?" అన్నాను. అక్కడే బోల్తా పడ్డాను.

కనుపాపలు పెద్దవవ్వాలని చుక్కలు వేసి ఓ మూల కూర్చోబెట్టారు. డాక్టరు కుర్రాడు మాటకారి. మన రెటీనాలో, అంటే కంటి వెనక తెరలో, పగటి వెలుతుర్లో చూపునిచ్చే కోన్ కణాలు 60 లక్షల దాకా ఉంటాయట. ఒక్కోటీ సన్నటి గొట్టంలా వెలుతురు పట్టుకుంటూ, అన్నీ కనుపాప మధ్యకే మొహం పెట్టి నిలబడతాయట. అందుకే కనుపాప అంచు నుంచి దూరిన వెలుగు మధ్య నుంచి వచ్చినంత ప్రకాశంగా అనిపించదు. ఈ సంగతి 1933లో స్టైల్స్, క్రాఫర్డ్ అనే ఇద్దరు కనిపెట్టారు. కంటికి కొన్నాళ్లు గంత కట్టి చీకట్లో ఉంచితే ఈ వరస కాస్త చెదురుతుంది. మళ్లీ వెలుగు చూపిస్తే కొన్నాళ్లకు ఎవరి చోటికి వాళ్లు సర్దుకుంటారు.

వింటుంటే నాకు కడుపు మండింది. మా అపార్ట్‌మెంటులో ఉన్నవి 20 ఫ్లాట్లు. సెక్రటరీని నేను. మూడేళ్లలో 20 మందీ ఒకవైపు తిరిగిన పాపాన పోలేదు. వాటర్ ట్యాంకరు డబ్బులన్నప్పుడు మాత్రం తిరుగుతారు, గోడవైపు.

బయటికొస్తే దిల్‌సుఖ్‌నగర్ మే నెల ఎండ మొహాన సున్నం కొట్టింది. ఫోన్లో అక్షరాలు చీమల బారు. నల్లకళ్లద్దాలు తగిలించుకుని, ఆటోవాలా దయతో ఇల్లు చేరాను. లిఫ్టు పాడై వారం (బాగు చేయించాల్సింది నేనే, డబ్బులుంటే). మెట్ల దగ్గర కటిక చీకటి. చీకట్లో పనిచేసేది రాడ్ కణాలు, అవి పూర్తిగా కుదురుకోవడానికి అరగంట దాకా పడుతుంది. నేనేమో గోడ తడుముకుంటూ రెండు నిమిషాల్లో ఎక్కేశాను.

తలుపు తీసే ఉంది. సోఫాలో కూలబడి, కళ్లు మూసుకుని, "ఏమోయ్, మంచినీళ్లు! ఈ పూట ఇక్కణ్నుంచి కదిలేది లేదు" అన్నాను.

చేతికి చల్లటి గ్లాసు తగిలింది. వంటింట్లో గుసగుసలు. మా ఇంట్లో గుసగుసలుండవు, అన్నీ పైస్థాయిలోనే. అప్పుడు అనుమానం వచ్చింది.

"సెక్రటరీ గారూ, ఎండలో మీరెందుకండీ రావడం? నేనే పంపిద్దామనుకుంటున్నా" అని ఓ మగ గొంతు. గుప్పిట్లో నోట్ల కట్ట. "ఐదు నెలల మెయింటెనెన్సు. చూసుకోండి."

ఏం చూసుకోను? ఒక్కో నోటూ వేళ్లతో తడిమాను. ఆయనకది వేరేలా అర్థమైనట్టుంది, ఇంకో నోటు పెట్టాడు.

పై అంతస్తులో మా ఆవిడ లెక్కపెడితే ఐదొందలు ఎక్కువే ఉన్నాయి. సాయంత్రం ప్రెసిడెంటు గారు ఫోన్ చేశారు. మూడో అంతస్తులో ఇంకా ముగ్గురు బాకీ ఉన్నారని గుర్తుచేసి, గొంతు తగ్గించి అడిగారు: "కళ్ల డాక్టరు మిమ్మల్ని మళ్లీ ఎప్పుడు రమ్మన్నాడండీ?"