దీపం వెలిగింది, డేటా రాలేదు

మా మేనల్లుడు ఈసీఈ ఫైనల్ ఇయర్. ప్రాజెక్టు ఏమిటంటే మిరప చేలో ఉష్ణోగ్రత కొలిచి, ఆ రీడింగులు ఎప్పటికప్పుడు ల్యాప్‌టాప్‌కి పంపడం. చేను దాకా ఇంకా పోలేదు, ప్రస్తుతానికి మా అక్క తులసికోట దగ్గరే ఆగాడు. బోర్డు ఎస్‌టీఎం32 న్యూక్లియో, అంటే చిప్‌తో ప్రయోగాలు చేసుకునే చిన్న సర్క్యూట్ బోర్డు. చిప్‌లోకి ప్రోగ్రామ్ ఎక్కించే డీబగ్గర్ దాని మీదే ఉంటుంది కాబట్టి ప్రోగ్రామ్ ఎక్కడానికీ, డేటా రావడానికీ ఒక్క యూఎస్‌బీ కేబుల్ చాలు.

ఆ ఒక్కటీ మినీ యూఎస్‌బీ. ఇంట్లో టైప్-సి కేబుళ్లు కాళ్లకి చుట్టుకుంటాయి, మినీ మాత్రం బావగారి కారు డ్యాష్‌క్యామ్‌కి తప్ప ఎక్కడా లేదు. ఆయన కునుకు తీస్తున్న సమయం చూసి మావాడు పీక్కొచ్చాడు. గుచ్చగానే ఎర్ర లైటు! "వచ్చేసింది మామయ్యా!" అని వాడు అరిస్తే, అక్క ఎందుకైనా మంచిదని బోర్డుకి దణ్ణం పెట్టింది.

ల్యాప్‌టాప్‌కి మాత్రం చీమ కుట్టినట్టయినా లేదు. వాడు డ్రైవర్లు తీసి మళ్లీ వేశాడు. విండోస్ వదిలి ఉబుంటులోకి దూకాడు. చివరికి బోర్డే కాలిపోయిందని తేల్చి, దుకాణం వాణ్ణి తిట్టడం మొదలెట్టాడు. నేను వంగి చూస్తే ఆ ఎర్ర లైటు తీరిగ్గా వెలిగి ఆరుతోంది. అంటే కంప్యూటర్‌తో ఇంకా మాటే కలవలేదన్నమాట. అటునుంచి సరేననే దాకా డీబగ్గర్ అసలు చిప్‌కి కరెంటే వదలదు. తప్పు కేబుల్‌ది. అది ఉత్త ఛార్జింగ్ కేబుల్. నాలుగు తీగలుండాల్సిన చోట ఐదు వోల్టులదీ, గ్రౌండుదీ, ఈ రెండే ఉన్నాయి. డేటా తీగలు రెండూ మిగుల్చుకున్న ఆ కేబుల్ తయారుచేసిన మహానుభావుడు ఎంత వెనకేశాడో!

పక్కింటి పాత కెమెరా కేబుల్ తెచ్చాక ల్యాప్‌టాప్‌కి బోర్డు కనబడింది. ఉబుంటు 'పర్మిషన్ డినైడ్' అంది. యూజర్‌ని, సీరియల్ పోర్టు వాడుకోనిచ్చే డయలౌట్ గ్రూపులో చేర్చి, లాగౌటై మళ్లీ వస్తే ఒప్పుకుంది. ఆ తర్వాత తెర నిండా ప్రశ్నార్థకాలూ, పిచ్చి గీతలూ. బోర్డు 1,15,200 బాడ్ (సెకనుకి అన్ని బిట్లు) వేగంతో పంపుతుంటే, వీడు ఆ డేటా చూపించే టెర్మినల్‌ని 9,600 దగ్గర పెట్టుకుని కూర్చున్నాడు.

అదీ సరిచేశాక అక్షరాలు వరుసగా దిగాయి: "ఉష్ణోగ్రత: డిగ్రీలు. ఉష్ణోగ్రత: డిగ్రీలు." అంకె ఒక్కటే లేదు. సెట్టింగ్స్‌లో ఒక టిక్ పెడితే తప్ప బోర్డు ప్రోగ్రామ్‌లో వాడే కుదించిన సి లైబ్రరీ దశాంశాలు ప్రింట్ చేయదు.

"ఇంతకీ ఎంతట?" అంది అక్క.

"టిక్ పెట్టాలమ్మా, ఆగు."

అక్క కిటికీలోంచి ఎండకేసి చూసి, "ముప్ఫయ్యెనిమిది ఉంటుంది, వేసుకో" అని వంటింట్లోకి వెళ్లిపోయింది.