శాలువా సరే, పోస్టు ఏదీ?

పాలమూరులో ఆదివారం జరిగిన సన్మాన సభలో వక్తలకు మైకు వదలబుద్ధి కాలేదు. ఇక్కడి ప్రభుత్వ సంగీత పాఠశాల వయొలిన్ మాస్టారు రిటైరయ్యారనగానే అందరికీ ఒక్కసారిగా సంగీతం గుర్తొచ్చింది. శాలువాలు కప్పారు, జ్ఞాపికలు ఇచ్చారు, ‘కళామతల్లి ముద్దుబిడ్డ’ అన్నారు. రేపటి నుంచి ఆ తరగతి చెప్పేదెవరన్న మాట మాత్రం ఏ నోటా రాలేదు. కాంట్రాక్టు మీద చేరి, రెగ్యులర్ చేస్తామన్న హామీలు వింటూనే ఇంటికి పోతున్న మనిషికి శాలువా కప్పడానికి చేతులెలా వచ్చాయి?

ఆయన తరగతి చూసినవాళ్లకు తెలుసు. పిల్లల్ని చాప మీద కూర్చోబెట్టి, ఫిడేలు తల కుడి పాదం మీద ఎలా ఆనించాలో దగ్గర్నుంచి మొదలుపెట్టేవారు. శ్రుతి కుదరందే తొలి పాఠాలైన సరళీ స్వరాల జోలికి పోనిచ్చేవారు కాదు. వీణకున్నట్టు ఫిడేలుకు మెట్లుండవు; వెంట్రుకవాసి జరిగినా అపస్వరమే. తొలి పాఠాలు నేర్పే మాయామాళవగౌళ రాగంలో రిషభం, అంటే ‘రి’ స్వరం, కాస్త పైకి పోతే, ఎదురుగా కూర్చున్న గురువే వేలు పట్టి వెనక్కి జరపాలి. ఖజానా ఇబ్బందుల్లో ఉందనీ, పదిమంది పిల్లల కోసం పోస్టెందుకు, యూట్యూబ్ ఉందిగా అనీ అనేవాళ్లున్నారు. ఇబ్బందులు నిజమే కావచ్చు. యూట్యూబ్ వేలు జరపదు.

1919లో విజయనగరం మహారాజా సంగీత కళాశాలలో చేరదామని విద్యార్థిగా వెళ్లిన 26 ఏళ్ల ద్వారం వెంకటస్వామి నాయుడిని ఏకంగా వయొలిన్ అధ్యాపకుడిగా పెట్టుకున్నారు. 1936లో ఆయనే ప్రిన్సిపాల్. మద్రాసు సంగీత అకాడమీ ఇచ్చే సంగీత కళానిధి బిరుదు 1941లో వచ్చింది, పద్మశ్రీ 1957లో. ముందు కొలువు, తర్వాత బిరుదు. మన దగ్గర బిరుదే కొలువనుకోమంటున్నారు! గద్వాల సంస్థానాన్ని ‘విద్వద్గద్వాల’ అని సభల్లో గొప్పలు పోతాం కదా, ఆ సంస్థానం పండితులకు వార్షికాలు, అంటే ఏటేటా సొమ్ము, ఇచ్చింది, శాలువాతో సరిపెట్టలేదు.

ఈ ఖాళీని ఇలాగే వదిలేస్తే తర్వాత మృదంగం, ఆ తర్వాత వీణ. చెప్పేవాళ్లు లేక పిల్లలు మానేస్తారు, పిల్లలు లేరని బడి మూసేస్తారు. నాలుగేళ్ల సర్టిఫికెట్ కోర్సు మధ్యలో ఉన్న పిల్ల ఇప్పుడేం చేయాలి? రోజూ వంద కిలోమీటర్లు బస్సెక్కి హైదరాబాద్ రాంకోటి సంగీత కళాశాలకు పోవాలా?

ఫొటోలకు ముందు వరసలో నిలబడ్డ ప్రజాప్రతినిధులు, అధికారులు నియామకం ఏ తేదీకి చేస్తారో చెప్పాలి. అది చేతకాకపోతే ఇంకే గురువు భుజం మీదా శాలువా వేయొద్దు.