"ప్రియమైన ఫ్యామిలీ" అని కార్డు పంపిన వైనరీ వారికి

కాలిఫోర్నియా నాపా వ్యాలీలో నాలుగు తరాలుగా వైన్ చేస్తున్న గౌరవనీయులైన కుటుంబ వైనరీ వారికి, ఫ్రీమాంట్ నుంచి, మీరే డబ్బు కట్ చేసుకుని మీరే సీసాలు పంపే మీ వైన్ క్లబ్ సభ్యుడు, సారీ, మీ "ఫ్యామిలీ మెంబర్" నమస్కరించి రాయునది. ఇక్కడ మేమంతా క్షేమం. అక్కడ మీరూ క్షేమమేనని మొన్న నా కార్డులో 286 డాలర్లు కట్ అయినప్పుడే తెలిసింది.

ముందు గురువారం సంగతి చెప్పాలి. మీ వైన్ డబ్బా కోసం హాఫ్ డే లీవ్ పెట్టానండీ. మంగళవారం వచ్చినప్పుడు నేను మీటింగ్‌లో ఉన్నా, బుధవారం వచ్చినప్పుడు పెరట్లో ఉన్నా, ఆ కొరియర్ అబ్బాయి బెల్లు కొట్టాడో బెల్లుని చూసి నవ్వి వెళ్లాడో తెలీదు గానీ తలుపు మీద స్టిక్కర్ మాత్రం ఉంది, 21 ఏళ్లు దాటిన మనిషి సంతకం కావాలి, రేపే ఆఖరి ప్రయత్నం అని. పన్నెండు నుంచి నాలుగు మధ్యలో వస్తామన్నారు. సోఫాని తలుపు దగ్గరికి లాక్కుని ద్వారపాలకుడిలా కూర్చున్నా, బాత్రూమ్‌కి కూడా వంతులేసుకుని వెళ్లాం. నాలుగూ పదికి పాపని తీసుకురావడానికి స్కూల్‌కి వెళ్లా. నాలుగుంపావుకి వచ్చాడు.

ఇంట్లో మా నాన్న ఉన్నారు. డెబ్బై రెండేళ్లు, తెనాలి దగ్గర పల్లెటూరు, తల ముగ్గుబుట్ట, జన్మలో చుక్క ముట్టని మనిషి. ఆయన్ని ఐడీ చూపించమన్నాడట. పాస్‌పోర్ట్ సూట్‌కేసులో, సూట్‌కేసుకి తాళం, తాళంచెవి అమ్మ దగ్గర, అమ్మేమో పార్కులో వాకింగ్. నాన్న ఏమాత్రం తొణక్కుండా చొక్కా జేబులోంచి ఆధార్ కార్డు తీసిచ్చారు. ఆ అబ్బాయి దాన్ని అటూ ఇటూ తిప్పి, చేతిలో మెషీన్‌కి చూపించి, మెషీన్ ఒప్పుకోక, సారీ సర్ అని డబ్బా వెనక్కి పట్టుకుపోయాడు. డెబ్బై రెండేళ్ల మనిషి ఇరవై ఒకటి దాటానని నిరూపించుకోలేకపోయాడండీ మీ పుణ్యమా అని. "బ్యాంకులో పనికొచ్చింది, రేషన్ షాపులో పనికొచ్చింది, సారా డబ్బా దగ్గర పనికిరాలేదేంట్రా" అని రాత్రి అన్నాల దగ్గర కూడా అదే మాట.

శుక్రవారం నేనే డిపోకి పోయి, లైన్లో నలభై నిమిషాలు నిలబడి, తెచ్చి విప్పితే నాలుగు సీసాల పైన బంగారు అక్షరాల కార్డు. "ప్రియమైన ఫ్యామిలీ" అట. అదిగో, అక్కడ కాలింది నాకు.

మేం మీ ఫ్యామిలీ ఎప్పుడయ్యామో మీకు గుర్తుండదు, నాకుంది. జూలైలో అమ్మానాన్నల్ని తీసుకుని వచ్చాం. వైన్ టేస్టింగ్‌కి తలకి 65 డాలర్లు, కార్లో పులిహోర ఉంది కానీ బయటి తిండి నిషేధం అని బోర్డు, కాబట్టి ఏడు బిస్కెట్లున్న ప్లేటు కొన్నాం. టేస్టింగ్ గంటన్నర, అందులో గంటా పది నిమిషాలు మీ ముత్తాత. ఇటలీ నుంచి ఓడ దిగాడు, చేతిలో చిల్లిగవ్వ లేదు, మూటలో ద్రాక్ష కొమ్మ ఉంది. (మీ వ్యాలీలో హైవే 29 మీద ఏ గేట్లోకి తిరిగినా చిల్లిగవ్వ లేని ముత్తాత ఒకడు ఎదురొస్తాడు, డబ్బున్న ముత్తాతలంతా ఏమయ్యారో మరి.) మధ్యమధ్యలో రెండేసి ఔన్సులు పోసి ఇందులో తడి రాయి తెలుస్తోందా, తోలు తెలుస్తోందా, పెన్సిల్ చెక్క తెలుస్తోందా అని అడిగారు. నటరాజ్ పెన్సిళ్లు నమిలి పెరిగినవాణ్ణి, నాకు తెలియకపోవడమేంటి. కానీ దానికి సీసా 90 డాలర్లని అప్పట్లో మా మాస్టారు చెప్పలేదు. సీసా మీద "రిజర్వ్" అని ఉంది కదండీ, అమెరికాలో ఆ మాటకి చట్టంలో ఏ అర్థమూ లేదు, "ఓల్డ్ వైన్స్" (ముసలి తీగలు) అనే మాటకీ అంతే, ముసలి తీగ అంటే ఎన్నేళ్లదో ఎవరి ఇష్టం వాళ్లది. పోన్లెండి, అవి చిన్న విషయాలు.

అమెరికా మద్యనిషేధం కథ మాత్రం బాగా చెప్పారు. 1920 నుంచి 1933 దాకా మీ ముత్తాత చర్చిలకి పూజ వైన్ చేసి నిలదొక్కుకున్నాడన్నారు. కాలిఫోర్నియాలో అప్పుడు మూతపడకుండా మిగిలిన వైనరీలు కొన్ని అలాగే బతికాయి, నిజమే, ఆ పదమూడేళ్లలో జనానికి భక్తి అంత పెరిగిపోతే దేవుడే ఆశ్చర్యపోయి ఉంటాడు. వైన్ పోసిన మీ అమ్మాయి చెప్పని ముక్క నేను ఇంటికొచ్చి చదివి నాన్నకి చెప్పా. ఇంటికి ఏడాదికి 200 గ్యాలన్ల దాకా "పళ్లరసం" చేసుకోవచ్చని ఆ చట్టంలోనే సందు ఉందట, దాంతో ద్రాక్షతోటలు తగ్గాల్సింది పోయి పెరిగాయి, మంచి రకాలు పీకేసి రైలు ప్రయాణానికి తట్టుకునే మందతోలు అలికాంటే ద్రాక్ష పెట్టి న్యూయార్క్, షికాగో పంపారు. ఎండు ద్రాక్షరసాన్ని ఇటుకలుగా చేసి కూడా అమ్మారు, దాన్ని నీళ్లలో కలిపి ఇన్ని రోజులు అల్మరాలో పెట్టకండి, పెడితే పులిసి వైన్ అయిపోతుంది జాగ్రత్త అని హెచ్చరికతో సహా. నాన్న పడీపడీ నవ్వారు. "ఎన్టీఆర్ 95లో పెడితే మనకి రెండేళ్లకే ఓపిక అయిపోయింది, వీళ్లు పదమూడేళ్లు ఇటుకలతో లాగారా" అని మీ జాతి మీద గౌరవం పెరిగిపోయింది ఆయనకి.

బిల్లు వచ్చే వేళకి మీ అమ్మాయి వంగి, మెల్లగా, "మీరూ మా ఫ్యామిలీలో చేరిపోతే టేస్టింగ్ ఫీజు ఉండదు" అంది. నాలుగో గ్లాసు మీద ఉన్న మనిషిని అడగాల్సిన ప్రశ్నేనా అది? కాగితం మీద సంతకం పెట్టేశా.

అసలు ఫ్యామిలీ అనే మాట మీరు అంత తేలిగ్గా ఎలా వాడతారండీ? మీ వీధిలోనే ఉన్న కుటుంబాల సంగతి మీకు తెలీదా? మొండావీ వాళ్లని చూడండి. చేజరే మొండావీ 1943లో చార్ల్స్ క్రుగ్ వైనరీ కొన్నాడు, కొడుకులు రాబర్ట్, పీటర్. 1965లో అన్నదమ్ములు కొట్టుకున్నారు, అదీ దేనికి, రాబర్ట్ పెళ్లాం వేసుకున్న మింక్ బొచ్చు కోటు దగ్గర మొదలై. తల్లి చిన్నోడి వైపు నిలబడింది. పెద్దోడు బయటికొచ్చి 1966లో ఓక్‌విల్‌లో సొంత వైనరీ కట్టాడు, ఇద్దరూ కోర్టుకెక్కారు, 2004లో ఆ పెద్దోడి వైనరీ వంద కోట్ల డాలర్ల పైచిలుక్కి పెద్ద కంపెనీ చేతిలోకి పోయింది, చిన్నోడి పిల్లలు క్రుగ్‌ని ఇంకా నడుపుతున్నారు. మా ఊళ్లో అయితే దీన్ని గట్టు తగాదా అంటాం, కోటు బదులు చీర పెట్టుకోండి, కథ మారదు. గాలో వాళ్లని చూడండి, 1933లో మొడెస్టోలో ఎర్నెస్ట్, జూలియో మొదలుపెట్టారు, ఇవాళ ప్రపంచంలోకెల్లా పెద్ద వైన్ వ్యాపారం వాళ్లది, అదీ "కుటుంబ వైనరీ"యే. వాళ్ల చిన్న తమ్ముడు జోసెఫ్ చీజ్ చేసుకుని దాని మీద ఇంటిపేరు వేసుకుంటే అన్నలు కేసేశారు. చీజ్ మీదండీ! ఆ తమ్ముడు ఊరుకున్నాడా, వైనరీలో నాకూ మూడో వంతు రావాలని ఎదురు కేసేశాడు. రెండూ ఓడిపోయాడు.

కుటుంబం అంటే అదీ. మీ గోడ మీద 1938 నాటి ఫోటోలో అన్నదమ్ములు ఐదుగురున్నారు, వైనరీ నడుపుతున్నది ఒక్కడి మనవలు. మిగతా నలుగురూ ఏమయ్యారని మా నాన్న నా చేత అడిగించారు. మీ అమ్మాయి "ఇంకొంచెం కాబెర్నే పోయనా" అంది. నాన్నకి ఇంగ్లిష్ రాదు, అయినా "అర్థమైందిలే, సర్వే నంబరు గొడవే" అన్నారు.

కుటుంబమే అనుకుందాం. అప్పుడు నేను వెళ్లిపోతానంటే ఫోన్ ఎత్తాలి కదా? చేరడానికి గ్లాసు మీద గ్లాసు, మానుకోవడానికి సోమవారం నుంచి శుక్రవారం, పది నుంచి నాలుగు, ఫోన్ మాత్రమే. పదకొండు సార్లు చేశా. ఆరుసార్లు మీ ముత్తాత కథే రికార్డింగ్‌లో విన్నా, హోల్డ్‌లో కూడా ఓడ దిగుతూనే ఉన్నాడు ఆ మనిషి! ఒకసారి ఎవరో ఎత్తి, కోత సీజన్ కదా అందరం తోటలో ఉన్నాం అన్నారు. డబ్బు కట్ చేసేవాడు తోటలోకి పోడేం? వాడికి కోత లేదా? మంగళ, బుధ, గురు, శుక్ర, నాలుగు రోజులు తిన్నారు, ముసలాయన్ని గుమ్మంలో నిలబెట్టి వయసు అడిగించారు, ఫ్యామిలీ అట ఫ్యామిలీ. మా బావ ఒకడున్నాడు, చెప్పాపెట్టకుండా డబ్బులు తీసుకుంటాడు, అడక్కుండానే వస్తువులు పంపుతాడు, మనకి అవసరమైనప్పుడు ఫోన్ ఎత్తడు, కలిస్తే వాళ్ల తాత గొప్పలు చెప్తాడు. ఇది రాస్తుంటేనే అనుమానం వస్తోంది, మీరన్నది నిజమేనేమో.

శనివారం కోపంగానే మీ జిన్‌ఫాండెల్ తెరిచా, డబ్బులు పోయాయి, సీసా అయినా మిగలకూడదని. అచ్చంగా అమెరికా ద్రాక్ష అని ఇక్కడివాళ్లు గర్వంగా చెప్పుకునేది, 2001లో డీఎన్ఏ చూస్తే క్రొయేషియా తీరంలో కొద్ది తీగలే మిగిలిన ఒక మూల రకం ఇదేనని తేలింది, అంటే మనలాగే వలస వచ్చి ఇంటిపేరు మార్చుకుంది. గోంగూర మాంసంలోకి ఎలా ఉందో చెప్పను. చెబితే మీరు కార్డు మీద అచ్చేస్తారు. మా ఆవిడ రెండో గ్లాసు పోసుకుంది, అంతవరకే చెప్తా. నాన్న మూత వాసన చూసి "పులిసిన ద్రాక్షరసం, దీనికి ఆధార్ అడిగాడా" అని పక్కన పెట్టేశారు, కాసేపాగి మళ్లీ తీసి వాసన చూశారు.

ఆ మొండావీ అన్నదమ్ములు 2005లో, ఒకరికి తొంభై రెండు దగ్గర, ఒకరికి తొంభై, ఇద్దరి తోటల ద్రాక్షా కలిపి ఒకే ఒక్క పీపా వైన్ చేశారు, కొట్టుకున్న నలభై ఏళ్లకి. వేలంలో నాలుగు లక్షల డాలర్లకి పైగా పలికింది. ఇది చెబితే నాన్న చాలాసేపు ఏం మాట్లాడలేదు, తర్వాత ఊళ్లో ఉన్న బాబాయికి ఫోన్ కలపమన్నారు. ఆయన ఎత్తలేదు, అక్కడ తెల్లవారుజాము నాలుగున్నర.

కాబట్టి అయ్యా, నా సభ్యత్వం రద్దు చేయాలన్న కోరిక అలాగే ఉంది, సోమవారం పది గంటలకి పన్నెండోసారి ఫోన్ చేస్తా, ఎత్తండి. కాకపోతే సీసాల కింద అట్ట ట్రేలు వచ్చాయి చూశారూ, గుంతలు గుంతలుగా ఉండేవి, అమ్మ వాటిల్లో మట్టి పోసి మెంతులు చల్లింది, మూడో రోజుకే మొలిచాయి. ఇంకో రెండు ట్రేలు కావాలంటోంది. జనవరి డబ్బా పంపాకే రద్దు చేయండి. సంతకానికి ఈసారి నాన్న పాస్‌పోర్ట్ సూట్‌కేసులోంచి తీసి చొక్కా జేబులో పెట్టుకున్నారు.