తనిఖీ మంచిదే, కానీ ప్రతిసారీనా?
ప్రోగ్రాములో పర్మ్యుటేషన్ (వస్తువులను ఒక వరుసలో పేర్చడం) అయినా పార్టిషన్ (ఒక సంఖ్యను చిన్న సంఖ్యల కూడికగా విడగొట్టడం) అయినా, తయారైన ప్రతిసారీ తనను తాను సరిచూసుకోవాలి, ఆ తర్వాత మారకూడదు అన్నారు వ్యాసకర్త. రెండో మాటతో నాకు పేచీ లేదు. మారిపోయే లిస్టును డిక్షనరీలో (కీ ఇస్తే దాని విలువ చెప్పే పట్టికలో) కీగా పెడతానంటే పైథాన్ భాషే ఒప్పుకోదు. మొదటి మాటే మింగుడుపడలేదు. 10 అంకెల పర్మ్యుటేషన్లే 36,28,800 ఉంటాయి. లూప్‌లో పుట్టే ప్రతిదాన్నీ పట్టుకుని ఏ అంకైనా రెండుసార్లు వచ్చిందా అని వెతుకుతూ కూర్చుంటే అసలు లెక్క ఎప్పుడు తేలాలి? సేజ్‌మ్యాథ్ అనే గణిత సాఫ్ట్‌వేర్‌లో చెక్ ఆపేసే వీలు ఊరికే పెట్టలేదు కదా. అందులో క్లోనబుల్ అర్రే (కాపీ తీసి మార్చుకోగలిగే జాబితా) నాకు మరీ నచ్చుతుంది. కాపీ తీసుకుని విత్ బ్లాకులో (పైథాన్‌లో with అని మొదలయ్యే కోడ్ ముక్కలో) ఇష్టమొచ్చినట్టు మార్చుకోవచ్చు, బయటికొచ్చేటప్పుడు ఒక్కసారి చెక్ చేసి తాళం వేసేస్తుంది. గచ్చిబౌలిలో మా ఆఫీసు క్యాబ్ రూట్ల స్క్రిప్టుకీ (అదీ పర్మ్యుటేషన్ల గోలే) ఇదే పద్ధతి పెట్టాం. ఎవరైనా చేత్తో టైపు చేసిన వరుస అయితే తనిఖీ, మా కోడే పుట్టించినదైతే నేరుగా లోపలికి. ఇక మెమరీ ఊసే వ్యాసంలో లేదు. గ్యాప్ (GAP) అనే మరో గణిత సాఫ్ట్‌వేర్ పర్మ్యుటేషన్‌లో 65,536 బిందువుల దాకా ఒక్కో స్థానానికి రెండు బైట్లే వాడుతుంది, అది దాటితేనే నాలుగు. దాని మీద నాలుగు ముక్కలు రాసి ఉంటే బాగుండేది.