పిడికిలి గీసింది చాలు, గేట్ మీటింగ్ గీయించండి

కార్మికుల మీద పిల్లలకు చిత్రలేఖన పోటీ పెడితే ఏ బొమ్మలు వస్తాయో పెట్టకముందే చెప్పేయొచ్చు. సంకెళ్లు తెంచుకున్న పిడికిలి, భూగోళాన్ని భుజాన మోస్తున్న కండల మనిషి, పళ్లచక్రం వెనుక ఉదయించే సూర్యుడు. గోదావరిఖనిలో పెట్టినా, సిరిసిల్లలో పెట్టినా, గాజువాకలో పెట్టినా అవే. తప్పు పిల్లలది కాదు. ‘శ్రమ గౌరవం’ అనో ‘కార్మిక దినోత్సవం’ అనో అంశం ఇచ్చి వదిలేస్తే, ఫోన్‌లో ముందుగా కనిపించిన బొమ్మనే దించుతారు.

శ్రమను పొగడటం వేరు, సంఘటిత శ్రమను చూపడం వేరు. పొగడటానికి ఒక్క మనిషి బొమ్మ చాలు. చెమట, మాసిన చొక్కా, అలసిన కళ్లు గీస్తే చూసేవాళ్లకు జాలి కలుగుతుంది, లేకపోతే భక్తి కలుగుతుంది. యూనియన్ పుట్టింది ఆ రెండింటి కోసమూ కాదు. నలుగురు కలిసి యాజమాన్యం ముందు కూర్చుని అడగడానికి పుట్టింది. అందుకే పోటీ నిబంధనల్లో ఒక్క వాక్యం చేర్చాలి: బొమ్మలో కనీసం ముగ్గురు ఉండాలి, ముగ్గురూ కలిసి ఏదో ఒకటి చేస్తూ ఉండాలి. 1926 నాటి ట్రేడ్ యూనియన్ల చట్టం రిజిస్ట్రేషన్‌కు ఏడుగురిని అడిగింది, మనం ముగ్గురితో సరిపెట్టుకుందాం. ఈ ఒక్క నిబంధనతో పిడికిలి, భూగోళం వాటంతటవే తప్పుకుంటాయి.

అంశం ఊరిని బట్టి ఉండాలి. సింగరేణి బొగ్గు గనులనే తీసుకోండి. ఇల్లెందులో 1889లో బొగ్గు తవ్వకం మొదలైంది. కార్మికుల తరఫున యాజమాన్యంతో మాట్లాడే గుర్తింపు సంఘాన్ని ఎన్నుకోవడానికి 1998 నుంచి రహస్య బ్యాలెట్ నడుస్తోంది. 2023 డిసెంబర్ 27 నాటి ఎన్నికలో ఏఐటీయూసీ యూనియన్ సంస్థ మొత్తానికి గుర్తింపు సంఘంగా గెలిచింది, కానీ 11 ఏరియాల్లో ఆరింట ఐఎన్‌టీయూసీ యూనియన్ ఆ ఏరియా వరకు ప్రాతినిధ్య సంఘమైంది. నాన్న ఒక సంఘం, పెదనాన్న ఇంకో సంఘం, ఓటు వేసేది ఒకే పెట్టెలో. ఇంతకంటే మంచి బొమ్మ ఎక్కడ దొరుకుతుంది? షిఫ్ట్ మొదలవక ముందు హాజరు వేసే మస్టర్ దగ్గర యూనియన్ పెట్టే గేట్ మీటింగ్, పే షీట్‌లో తప్పు పడితే కార్మికుడితో కలిసి ఆఫీసుకు నడిచే పిట్ సెక్రటరీ (ఆ గనిలో యూనియన్ కార్యదర్శి), గనిలో పైకప్పు సపోర్టు సరిగా ఉందో లేదో కార్మికుల తరఫున చూసే వర్క్‌మెన్ ఇన్‌స్పెక్టర్ అక్కడి పిల్లలు రోజూ వినే మనుషులు. వాళ్లను ఎవరూ గీయమనలేదు, అంతే.

ఇక్కడ చట్టం సంగతి ఒకటి మరవకూడదు. 2025 నవంబర్ దాకా అమల్లో ఉన్న 1952 గనుల చట్టం, 18 ఏళ్లు నిండనివాళ్లు గని పని జరిగే చోట ఉండకూడదంది. ‘పిల్లలను బాయి (గని) మీదికి తీసుకెళ్లి చూపిద్దాం’ అనే ఆలోచన మానుకోవాలి. మరి చూడకుండా గీయమంటే గనిని గుహలా, లోపల ఎండ పడుతున్నట్టు, మనిషి చేతిలో గునపంతో గీసేస్తారు. దీనికి మార్గం ఇంట్లోనే ఉంది. హెల్మెట్‌కు క్యాప్ ల్యాంప్ ఎక్కడ బిగిస్తారో, నడుముకు ఏమేం కట్టుకుంటారో, తట్టా చెమ్మస్ (గంప, పార) పోయి బొగ్గు ఎత్తిపోసే ఎస్‌డీఎల్ యంత్రం వచ్చాక పని ఎలా మారిందో రిటైరైన కార్మికుణ్ణి బడికి పిలిపించి గంటసేపు చెప్పించాలి. వీలైతే ఆ సామాను బల్ల మీద పెట్టి స్కెచ్ వేయించాలి. సింగరేణి బొగ్గులో ఎక్కువ భాగం ఇప్పుడు ఓపెన్ కాస్టుల (పైనుంచి తవ్వే గనుల) నుంచే వస్తోంది కాబట్టి డంపర్ డ్రైవర్‌నూ పిలవాలి.

పోటీకి పది రోజుల ముందు ప్రతి విద్యార్థీ ఒక కార్మికుడితో గానీ కార్మికురాలితో గానీ మాట్లాడి ఒక పేజీ రాసుకు రావాలి. ప్రశ్నలు అయిదు చాలు. కలిసి ఏం అడిగారు? మాట్లాడటానికి ఎవరెవరు వెళ్లారు? ఎన్ని రోజులు పట్టింది? ఏం వచ్చింది? ఏం రాలేదు? చివరి ప్రశ్న తీసేయమని ఎవరో ఒకరు అంటారు, తీయకండి. చిత్రకారుడు సోమనాథ్ హోర్ 1946లో బెంగాల్‌లోని రంగపూర్ పల్లెల్లో తెభాగా కౌలురైతుల ఉద్యమాన్ని చూస్తూ స్కెచ్‌లు గీశారు, పక్కనే డైరీ కూడా రాశారు. చూసింది, విన్నది ముందు కాగితం మీద పడితే బొమ్మకు బలం వస్తుంది. ఆ పేజీ లేనివారికి షీట్ ఇవ్వకూడదు. ఇంట్లో పెద్దవాళ్లు గీసిచ్చే బెడద కూడా దీనితో సగం తీరుతుంది. మిగతా సగం తీరాలంటే షీట్లకు వెనుక ముద్ర కొట్టి, అక్కడికక్కడే ఇచ్చి రెండున్నర గంటల్లో గీయించాలి.

గని లేని ఊళ్లో ఏం గీయాలని అడగనక్కర్లేదు. నిజామాబాద్‌లో వెయ్యి బీడీల లెక్కన కూలి తీసుకునే మహిళలు ఉన్నారు, విశాఖలో ఉక్కు కార్మికులున్నారు, ప్రతి మార్కెట్ యార్డులో హమాలీలున్నారు. ఆంధ్రప్రదేశ్‌లో అంగన్‌వాడీలు 2023 డిసెంబర్ 12 నుంచి 42 రోజులు సమ్మె చేశారు. ఆ సమ్మె టెంటు దగ్గర కూర్చున్న టీచరమ్మే పిల్లలకు మొదటి అక్షరం దిద్దించింది. అంకెలనూ బొమ్మ కట్టించవచ్చు. 1965 బోనస్ చట్టం పెట్టిన కనీస బోనస్ ఏడాది జీతంలో 8.33 శాతం. అంటే పన్నెండో వంతు. పన్నెండు జీతం కవర్లు, పక్కన పదమూడోది గీస్తే ఎనిమిదో తరగతి లెక్క కూడా అయిపోతుంది.

తేదీ విషయంలో చాలామంది దెబ్బతింటారు. మేడే నాటికి తెలుగు రాష్ట్రాల్లో బడులకు వేసవి సెలవులు. మార్చి మధ్య నుంచి ఒంటిపూట బడులు, పదో తరగతి పరీక్షలు. ఏప్రిల్ 30న పోటీ అంటే వచ్చేది యూనియన్ నాయకుల పిల్లలే. దసరా సెలవులయ్యాక, అక్టోబర్ చివర్లో పెట్టాలి. 1920 అక్టోబర్ 31న బొంబాయిలో ఏఐటీయూసీ ఏర్పడింది కాబట్టి ఆ వారానికి ఒక అర్థమూ ఉంది. మేడే నాడు మాత్రం ప్రదర్శన పెట్టాలి. గుర్తింపు ఎన్నికలు దగ్గరలో ఉంటే ఆ ఏడాది పోటీ మానేయడమే నయం.

రంగులు నిర్వాహకులే ఇవ్వాలి. లేకపోతే ఖరీదైన పెట్టె ఉన్నవాడిదే బహుమతి. వంద మందికి ఏ3 సైజు, 150 జీఎస్ఎం మందం షీట్లు 120 కొనాలి. పలుచని చార్టు మీద పోస్టర్ కలర్ వేస్తే ముడతలు పడుతుంది. ఇద్దరికి ఒకటి చొప్పున 12 రంగుల ఆయిల్ పాస్టెల్ పెట్టెలు 50 సరిపోతాయి. బొగ్గుబాయి బొమ్మల్లో నలుపు ముందు అయిపోతుంది, అది విడిగా కొని పెట్టుకోవాలి. గని బొగ్గుతోనే గీయిద్దామని ఉత్సాహపడతారు. అది గట్టిది, కాగితాన్ని గీరుతుంది, కట్టెబొగ్గు మాత్రం చక్కగా గీస్తుంది. గీసిన షీట్ల మధ్య బటర్ పేపర్ పెట్టకపోతే ఒకదాని రంగు ఇంకోదానికి అంటుకుంటుంది.

నినాదం రాస్తే అయిదు మాటలు మించకూడదు. తెలుగు అక్షరానికి పైన గుడి, కింద వత్తు ఉంటాయి. అంగుళం ఎత్తు అక్షరానికి రెండంగుళాల వరుస వదలకపోతే పై వరుస వత్తు కింది వరుస గుడిలో దిగబడుతుంది. ముందు పెన్సిల్‌తో అక్షరాలు లెక్కపెట్టి రాయించాలి, లేదంటే చివరి మూడు అక్షరాలు అంచున ఇరుక్కుంటాయి.

మార్కుల దగ్గరే పోటీ అసలు ఉద్దేశం తేలుతుంది. నా లెక్క ఇది: పనినీ మనుషులనూ గమనించి గీసినందుకు 35, కలిసికట్టుతనం కనిపించినందుకు 25, కూర్పుకు 20, గీత, రంగుల నైపుణ్యానికి 20. పేర్లు దాచి నంబర్లతో దిద్దాలి. న్యాయనిర్ణేతలుగా ఒక డ్రాయింగ్ మాస్టారు, ఒక కార్మికురాలు, ఏ సంఘంలోనూ పదవి లేని ఒక రిటైర్డ్ కార్మికుడు ఉంటే చాలు. ఖర్చు సంఘాలన్నీ సమానంగా పెట్టుకోవాలి. జెండాలు నిషేధించడం తెలివితక్కువతనం, జెండా లేని గేట్ మీటింగ్ ఎక్కడుంది? నాయకుల ముఖాలను, ‘మాకే ఓటు’ వంటి రాతలను మాత్రం వద్దనాలి.

సంబరం పేరుతో చేదు నిజాన్ని మాత్రం కొట్టేయొద్దు. సింగరేణి గుర్తింపు ఎన్నికలో కాంట్రాక్టు కార్మికులకు ఓటు లేదు. బ్యాలెట్ వరుసకు అవతల నిలబడి చూస్తున్న కాంట్రాక్టు కార్మికురాలిని ఒక అమ్మాయి గీస్తే, ‘ఇది సంబరం కదా’ అని మార్కులు కోయడం అన్యాయం. సంఘం ఇంకా ఎవరి దాకా చేరలేదో ఆ బొమ్మ చూపిస్తోంది. నిర్వాహకులు దాన్నే ముందు వరుసలో పెట్టాలి.

బహుమతి షీల్డు ఏడాదికే దుమ్ము పడుతుంది. యూనియన్లు ఎలాగూ క్యాలెండర్లు వేయిస్తాయి. పన్నెండు బొమ్మలు ఎంచి, కింద విద్యార్థి పేరు, తరగతి అచ్చు వేస్తే ఆ క్యాలెండర్ ఏడాదంతా కార్మికులుండే ప్రతి క్వార్టర్‌లో గోడకు ఉంటుంది. తల్లిదండ్రుల అనుమతి ముందే రాతపూర్వకంగా తీసుకోవాలి, అసలు బొమ్మ విద్యార్థికే తిరిగివ్వాలి. ఫోన్‌తో తీసిన ఫొటోలో ఒక మూల నీడ పడి నలుపు బూడిదరంగుగా వస్తుంది. ఏ3 స్కానర్ మీద 300 డీపీఐలో తీయించి, నవంబర్ నెలాఖరుకల్లా ప్రెస్సుకు ఇస్తే జనవరి ఒకటికి చేతికందుతుంది.