సవరణ: స్కాట్లాండ్ అండర్-20 రగ్బీ టీమ్ గురించి

నిన్న పెట్టిన పోస్ట్‌లో ఒక తప్పు దొర్లింది, సారీ. 2019లో అర్జెంటీనాలో జరిగిన అండర్-20 రగ్బీ ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లో స్కాట్లాండ్ కుర్రాళ్లు పూల్ (గ్రూప్) మ్యాచ్‌లన్నీ ఓడిపోయారు కాబట్టి కింది డివిజన్‌కి పడిపోయారు అని రాసేశా, అది కరెక్ట్ కాదు. పూల్‌లో ఓడినా అప్పుడు ఇంకా ఛాన్స్ ఉండేది, 12 టీముల్లో ఆఖర్న నిలిచిన ఒక్కటే దిగిపోవాల్సి ఉండేది, ఆ లెక్క తేలింది ఫిజీతో 59-34 తేడాతో ఓడిన చివరి మ్యాచ్‌లో. రగ్బీలో 34 పాయింట్లంటే తక్కువేం కాదండీ, చాలా మ్యాచ్‌లు గెలిచే స్కోరే, కానీ అటువైపు 59 ఇచ్చుకుంటే ఇంకేం చేస్తాం!

ఇంకోటి, అదే పోస్ట్‌లో మరుసటి ఏడాదే పై డివిజన్‌కొచ్చారన్నా కదా, అదీ తప్పే. 2020లో కోవిడ్ దెబ్బకి టోర్నీ జరగలేదు, 2023లో కెన్యాలో జరిగిన ట్రోఫీ (కింది డివిజన్ టోర్నీ పేరే అది) స్పెయిన్ పట్టుకెళ్లింది. 2024లో సొంతగడ్డ మీద ఆ ట్రోఫీ గెలిచాకే స్కాట్లాండ్ మళ్లీ పైకి.