సవరణ: శంకు నత్తను ఎక్కడ పట్టుకున్నా ప్రమాదమే
అంతర్వేది తీరంలో గవ్వలు ఏరే పిల్లల గురించి పాత టపాలో రాస్తూ, శంకు నత్తను (శంకు ఆకారపు గుల్ల ఉండే విషపు సముద్రపు నత్త) వెడల్పు వైపు పట్టుకుంటే భయం లేదన్నాను. అది తప్పు, ప్రాణాల మీదికి తెచ్చే తప్పు. దాని తొండం సన్నని కొన నుంచే వస్తుంది కానీ, వెనక్కి వంగి గుల్ల మీద ఎక్కడున్న వేలినైనా అందుకోగలదు. తొండం చివర ఈటెలాంటి బోలు పన్ను, దానిగుండా విషం. కోనస్ జియోగ్రాఫస్ అనే శంకు నత్త జాతి కాటుకు మనుషులు చనిపోయారు. విరుగుడు మందు లేదు. ఊపిరి పీల్చుకునే కండరాలు చచ్చుబడితే, విషం దిగేదాకా ఆసుపత్రిలో శ్వాస అందించాల్సిందే.

నొప్పి మందు జికొనోటైడ్‌కు కూడా ఈ జాతే మూలమని రాశాను. కాదు, కోనస్ మేగస్ అనే మరో శంకు నత్త జాతి. ఆ మందు అమెరికాలో 2004లో అనుమతి పొందింది.

పాత టపాను ఎవరికైనా పంపి ఉంటే, దయచేసి ఇది కూడా పంపండి. ప్రాణమున్న శంకు నత్తను పిల్లలను ముట్టుకోనివ్వకండి.